ఇంద్రుణ్ణి కొట్టేసిన పెన్సిలు

పోయిన వారం బీరువా అరలు సరిచేయించుకోవాలని వడ్రంగి మేస్త్రీని పిలిపించాం. హాల్లో పాత దుప్పటి పరుచుకుని కూర్చున్నాడు. చెవి మీద పెన్సిలు తీసి బ్లేడుతో చెక్కుతున్నాడు. ఒకవైపు ఎరుపు, ఇంకోవైపు నీలం. కాఫీ ఇద్దామని దగ్గరికి వెళ్లేసరికి ఆ చెక్కుల వాసన గుప్పుమంది. గ్లాసు చేతిలోనే ఉండిపోయింది.

"ఏంటమ్మా, పంచదార మర్చిపోయారా?" అన్నాడు మేస్త్రీ.

ఏం చెప్పను? నలభై ఏళ్ల కిందటి తొమ్మిదో తరగతి గదిలో రెండో బెంచీ మీద కూర్చుని ఉన్నాను. ఎదురుగా మా తెలుగు మాస్టారు ఇదే రకం పెన్సిలు చెక్కుకుంటున్నారు.

*

మాది తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు లైను పక్కన ఊరు. బడిగంట అంటే వేపచెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క. అటెండరు ఇనప కడ్డీతో దాన్ని కొడితే చెట్టు మీది కాకులన్నీ ఒక్కసారి లేచేవి. తెలుగు పీరియడు మధ్యాహ్నం భోజనాల తర్వాత. సగం మందికి కళ్లు మూతలు పడుతుండేవి. మాస్టారు మాత్రం ఎండలోంచి గొడుగు చంకన పెట్టుకుని, తెల్లపంచె కుచ్చెళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని అప్పుడే నిద్రలేచినంత హుషారుగా వచ్చేవారు. లాల్చీ జేబులో రెండే రెండు వస్తువులు: పొడుం డబ్బీ, రెండు రంగుల పెన్సిలు.

ఆయన దిద్దిన నోటుపుస్తకాలకు మార్కులు పెన్సిలువి, మరకలు పొడుంవి. మా అమ్మ నా సంచీ తెరిచిందంటే ముందు తుమ్మేది, తర్వాత తిట్టేది.

ఎరుపు వైపు మాటను విడగొట్టడానికి. సంధి ఎక్కడుందో అక్కడ చిన్న నిలువుగీత. నీలం వైపు అర్థానికీ, అనుమానానికీ. తెలిసిన అర్థం మాట కింద రాయాలి. తెలియకపోతే మాట పైన ప్రశ్నార్థకం పెట్టి వదిలేయాలి. "తెలియనిదాన్ని తెలిసినట్టు రాశారో, చెవి మెలేస్తాను" అనేవారు. నిజంగానే మెలేసేవారు కూడా.

మాకు రెండు రంగుల పెన్సిళ్లు ఎక్కడివి? మామూలు పెన్సిలే. పెన్నుతో మాత్రం పుస్తకంలో గీత గీయనిచ్చేవారు కాదు. "రేపు మీ తమ్ముడు చదువుకోవద్దుట్రా ఈ పుస్తకం?"

*

ఆ మాట ఇప్పటి పిల్లలకు అర్థం కాదేమో. అప్పుడు పాఠ్యపుస్తకం ఒకరి సొత్తు కాదు. పరీక్షలైన మర్నాడే పై తరగతి వాళ్ల ఇళ్ల చుట్టూ తిరిగి సగం ధరకు బేరమాడేవాళ్లం. అట్ట ఉంటే ఒక రేటు, ఊడితే ఒక రేటు. అర్థాలు రాసి ఉంటే మాత్రం పావలా ఎక్కువ. ఎందుకంటే మన కష్టం తప్పుతుంది కదా.

నా తెలుగు వాచకం నాకంటే ముందు ఇద్దరి చేతులు మారింది. మొదటామెది గుండ్రటి రాత, పెన్సిలుతో. రెండో ఆయనది కోడిగీతల రాత, మాస్టారి మాట కాదని నీలిసిరాతో. ఆ రాతల సందుల్లో, మిగిలిన చోట నేను. ఒక్కో పద్యం చుట్టూ మూడు తరాల వాళ్లు గుమిగూడినట్టుండేది. మొదటామె పద్యం పక్కన తామరపువ్వులు కూడా గీసింది. ఏనుగు బొమ్మ ప్రయత్నించింది గానీ అది ఎటు చూసినా తొండం ఉన్న పందిలా వచ్చింది.

ఆ ఏనుగు గజేంద్రమోక్షం పాఠంలోది. పోతన భాగవతం అష్టమ స్కంధం. అక్కడే నా పరువు పోయింది.

*

సిరికిం జెప్పడు శంఖచక్రయుగముం జేదోయి సంధింపడే
పరివారంబును జీరడభ్రగపతిం బన్నింప డాకర్ణికాం
తర ధమ్మిల్లము జక్కనొత్తడు వివాదప్రోత్థితశ్రీకుచో
పరి చేలాంచలమైన వీడడు గజప్రాణావనోత్సాహియై

ఈ పద్యం రాని తెలుగువాడు ఉండడంటారు. నాకూ నోటికి వచ్చు. మా తాతయ్య పొద్దున్నే నూతి దగ్గర చెంబుతో నీళ్లు పోసుకుంటూ చదివేవాడు. కాని నోటికి రావడం వేరు, ప్రతిపదార్థం రాయడం వేరు అని ఆ రోజే తెలిసింది.

మాస్టారు ముందు రోజు ఇంటిపని ఇచ్చారు. ప్రతి మాటనూ విడగొట్టి అర్థం రాసుకు రమ్మన్నారు. నాకు పనేముంది? పుస్తకంలో రాసే ఉంది. నీలిసిరాతో 'అభ్రగపతిం' కింద 'ఇంద్రుడు' అని ఉంది. దాన్నే నోటుపుస్తకంలో ముత్యాల్లాంటి అక్షరాలతో దింపేశాను. మర్నాడు తేలిందేమంటే క్లాసులో సగం మందిదీ ఇంద్రుడే. ఏదో గైడులో ఎప్పుడో పడ్డ తప్పు. సీనియర్ల పుస్తకాల మీదుగా మా దాకా కొట్టుకొచ్చింది.

మాస్టారు నన్నే లేపారు.

"విష్ణుమూర్తి ఇంద్రుణ్ణి ఏం చేయలేదమ్మాయ్?"

"పన్నింపలేదండీ."

"పన్నించడమంటే?"

మౌనం.

"మీ ఇంట్లో ఎడ్లబండి ఉందిగా. మీ నాన్న ఊరికెళ్లాలంటే బండి కట్టమని పాలేరుకు చెప్తాడా, లేదా? అదీ పన్నించడం. వాహనాన్ని సిద్ధం చేయించడం. ఇప్పుడు చెప్పు, విష్ణుమూర్తి ఇంద్రుడి మెళ్లో పలుపుతాడు వేసి ఎక్కడికి తోలుకెళ్తాడు?"

క్లాసంతా గొల్లుమంది. నా చెవులు కాలిపోయాయి. ఆయన నవ్వలేదు. నల్లబల్ల మీద పెద్దక్షరాలతో రాశారు: అభ్ర. ఆకాశం. గ. వెళ్లేది. ఆకాశంలో వెళ్లేది ఏది? పక్షి. పక్షులకు పతి? గరుత్మంతుడు. రాసి, మాట పూర్తయ్యేదాకా ఆగి, మా వైపు తిరిగారు.

"మాటను కోయండి. ప్రతి ముక్కకూ దాని అర్థం దానికుంటుంది. కోయకుండా మింగితే ఇలాగే ఇంద్రుడు గొంతుకు అడ్డం పడతాడు."

నా పుస్తకం తీసుకుని ఆ నీలిసిరా 'ఇంద్రుడు' మీద ఎర్రపెన్సిలుతో అడ్డంగా గీత కొట్టారు. ఆ గీత ఇప్పటికీ ఉంది, ఎరుపు వెలిసి నారింజ రంగులోకి తిరిగింది.

నాకొక్కదానికే అవమానం జరిగిందనుకుంటే పొరపాటు. మా వెనక బెంచీ వాడు చివరి మాటను 'గజప్రాణా' అని ఒక ముక్క, 'వనోత్సాహి' అని ఇంకో ముక్క చేసి, 'అడవికి వెళ్లాలని ఉత్సాహపడే ఏనుగు' అని రాశాడు. అసలు విరుపు ప్రాణ, అవన, ఉత్సాహి. అవనమంటే కాపాడటం. 'వన' పట్టుకుని వాడు అడవిలో పడ్డాడు. ఆ రోజు నుంచి ఇంటర్ అయ్యేదాకా వాడి పేరు వనోత్సాహి.

*

మాస్టారి పద్ధతి విచిత్రంగా ఉండేది. మిగతా బళ్లలో ముందు పద్యం రాగంతో చదివి, భావం చెప్పి, అర్థాలు రాయించేవారట. ఈయన పద్యం మొదటి నుంచి మొదలెట్టేవారే కాదు. "క్రియ పట్టుకోండి" అనేవారు. క్రియ దొరికాక దాన్ని ప్రశ్నలు అడగాలి. ఎవరు? దేన్ని? దేనితో? ఎందుకు? ఒక్కో ప్రశ్నకు ఒక్కో మాట లేచి వచ్చి దాని పక్కన నిలబడుతుంది. దాన్నే అన్వయం అంటారని పేరు చెప్పింది మాత్రం చాలా రోజుల తర్వాత.

'సిరికిం జెప్పడు'లో క్రియలన్నిటి కిందా గీతలు గీయమన్నారు. చెప్పడు, సంధింపడు, చీరడు, పన్నింపడు, ఒత్తడు, వీడడు. ఆరు.

"ఇప్పుడు చెప్పండి, ఆయనేం చేశాడు?"

"లక్ష్మీదేవికి చెప్పలేదండీ."

"చేయనివి కాదురా. చేసింది చెప్పండి."

పెన్సిళ్లు పట్టుకుని నాలుగు పాదాలూ పైకీ కిందికీ వెతికాం. చేసిన పని ఒక్కటీ లేదు. అన్నీ చేయనివే. పైగా ఎవరు చేయలేదో కూడా ఆ పద్యంలో లేదు. ముందున్న 'అల వైకుంఠపురంబులో' పద్యంలోకి వెళ్లి తెచ్చుకోవాలి. పక్క పద్యానికి బాణంగుర్తు వేసుకోవచ్చని నాకు అప్పుడే తెలిసింది.

"మనిషి వెళ్లిపోయాడర్రా. ఇల్లాలికి చెప్పలేదు, ఆయుధాలు తీసుకోలేదు, నౌకర్లను పిలవలేదు, బండి కట్టించలేదు. గదిలో వెనక మిగిలిపోయినవన్నీ పోతన లెక్క రాసుకుంటున్నాడు."

నేను ఆ వాక్యాన్ని పుస్తకం అంచున, నిలువుగా, ఖాళీ ఉన్నంత మేరా రాసుకున్నాను. తాతయ్య నూతి దగ్గర అన్నేళ్లు చదివిన పద్యంలో ఒక ఖాళీ గది ఉందని అప్పటిదాకా నాకు తెలీదు.

గణాలూ వేయించేవారు. లఘువుకు నిలువుగీత, గురువుకు గిన్నెలాంటి గుర్తు. స భ ర న మ య వ, మత్తేభం. 'సిరికిం' అంటే రెండు గీతలు, ఒక గిన్నె. మార్కులకోసం అందరూ వేస్తారు, మేమూ వేశాం. ఆయనకు మాత్రం ఇంకో సరదా ఉండేది. పద్నాలుగో అక్షరం దగ్గర చుక్క పెట్టి, మొదటి అక్షరం నుంచి దానికి గొలుసు గీయమనేవారు. సి నుంచి జే. ప నుంచి బ. త నుంచి ద. 'సి'కీ 'జే'కీ చుట్టరికమేమిటండీ అని అడిగితే, "చ ఛ జ ఝ, శ ష స, వీళ్లంతా యతికి ఒక ఇంటి వాళ్లే. అచ్చు కూడా కలవాలి, ఇకారానికి ఏకారం అయినవాడే" అనేవారు. నా పుస్తకంలో పద్యం మీద నాలుగు ఊయలలు కట్టినట్టుంటుంది.

రెండో పాదం చివర 'కాం' అని తెగి మూడో పాదంలో 'తర' అని మొదలవుతుంది. అక్కడ నేను ఊపిరి తీసుకున్నాను. ఆయన కర్రతో బల్ల మీద కొట్టారు.

"మాట మధ్యలో ఆగుతావేంటే? ఆయనే ఆగలేదు, నువ్వెందుకు ఆగుతావు?"

*

ఆదివారాలు ఆయనింటికి వెళ్లేవాళ్లం, నేనూ ఇంకో ముగ్గురం. ట్యూషను కాదు, డబ్బులేమీ లేవు. శబ్దరత్నాకరం చూడటానికి. బహుజనపల్లి సీతారామాచార్యులు 1885లో అచ్చేయించిన నిఘంటువు. ఆయన దగ్గరున్నది తర్వాతెప్పటిదో అచ్చు, గోనెసంచిలాంటి గుడ్డతో బైండు చేయించి పెట్టారు. కలరా ఉండల వాసన. పిల్లలు దాన్ని ఎత్తకూడదు. ఆయనే పీట మీద పెట్టి, మాటకోసం మమ్మల్ని వెతకమనేవారు.

మొదటి ఆదివారం నేను 'జీరడు' కోసం 'జ'లో అరగంట వెతికాను. అమ్మగారు మజ్జిగ తెచ్చిచ్చారు, తాగాను, మళ్లీ వెతికాను. ఆయన పడక్కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్నారు. నిద్రపోతున్నారనుకున్నాం.

"పరివారంబునున్, చీరడు" అన్నారు కళ్లు తెరవకుండానే. "నకారం వెనకుంటే 'చ' కాస్తా 'జ' అయింది. 'చ'లోకి వెళ్లు."

వెళ్లాను. చీరు. పిలుచు. ఉంది! చెప్పొద్దూ, దారి తప్పిన దూడ మన దొడ్లోనే దొరికినంత సంతోషం. ఆ తర్వాత 'జేదోయి' చేదోయి అయింది, 'బన్నింపడు' పన్నింపడు అయింది. నిఘంటువు తెరవాలంటే ముందు మాట వేసుకున్న వేషం విప్పాలని బోధపడింది.

ఆయన సొంత భాగవతం కూడా అక్కడే చూశాను. అంచుల్లో చీమలబారుల్లా రాతలు. ఒకే మాటకు రెండు మూడు అర్థాలు, ఒకటి కొట్టేసి, మళ్లీ దాని కింద చుక్కలు పెట్టి బతికించి. 'ఆకర్ణికాంతర ధమ్మిల్లము' పైన నీలంతో పెద్ద ప్రశ్నార్థకం, పక్కన ఒకే మాట: 'ఎవరిది?'

చెవుల దాకా జారిన కొప్పును చక్కదిద్దలేదు, సరే. ఎవరి కొప్పు? ఆయనదా, అమ్మవారిదా? అడిగాను. "చూడాలి" అన్నారు. అంత పెద్ద మాస్టారికి కూడా తెలియనిది ఉంటుందని, దాన్ని పుస్తకంలో అలా బాహాటంగా రాసుకుంటారని నాకు విడ్డూరం.

*

ఇంకోటి చెప్పాలి. ఈ పద్యం దగ్గర అందరూ చెప్పే కథ ఉంది కదా, శ్రీనాథుడు ఎద్దేవా చేయడం, ఆయుధం లేకుండా వెళ్లి విష్ణువు ఏం చేస్తాడనడం, పోతన నూతిలో రాయి పడేయించి నీ బిడ్డ పడిందని కేక పెట్టడం, శ్రీనాథుడు తాడు కూడా లేకుండా పరిగెత్తడం. మాస్టారు ఆ కథను గొప్పగా చెప్పేవారు. శ్రీనాథుడిలా పరిగెత్తి చూపించేవారు, పంచె కాళ్లకు అడ్డం పడుతున్నా. మేం చప్పట్లు కొట్టి, పెన్సిళ్లు తీసి పుస్తకంలో రాసుకోబోతే మాత్రం, "ఆఁ ఆఁ, అది రాయకండి!" అని అరిచారు.

ఎందుకండీ అంటే మల్లినాథసూరి సంగతి చెప్పారు. మెదక్ జిల్లా కొల్చారం వాడు, కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాసినవాడు. ఆయన మొదట్లోనే ఒట్టు పెట్టుకున్నాడట: 'నామూలం లిఖ్యతే కించిన్నానపేక్షితముచ్యతే.' మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను. "కథ బాగుంది, ఇంటికెళ్లి మీ తమ్ముళ్లకు చెప్పండి. పద్యం పక్కన మాత్రం పద్యంలో ఉన్నదే ఉండాలి."

అదే ఒట్టు ఆయన్ని ఇంకోచోట ఇరకాటంలో పెట్టింది. 'శ్రీకుచోపరి చేలాంచలము' దగ్గరకొచ్చాం. అబ్బాయిల బెంచీల్లో ఇకిలింపులు మొదలయ్యాయి. మేం తలలు దించుకున్నాం. నా పుస్తకంలో ముందున్న ఇద్దరూ ఆ మాట కింద ఏమీ రాయలేదు, బోడిగా వదిలేశారు. మాస్టారు ఒక్క చిటికె పొడుం పీల్చి, మామూలుగా ఉప్పుకూ పప్పుకూ అర్థం చెప్పినట్టే చెప్పారు. ప్రణయకలహంలో లేచి వెళ్లబోతున్న లక్ష్మీదేవి వక్షం మీది పైటకొంగు, చేతిలో ఉన్నది, వదల్లేదు. "మూలంలో ఉంది. రాయండి." ఆ గొంతు విన్నాక ఎవరూ నవ్వలేదు. రాశాం. ఆ ముక్క అక్కడ లేకపోతే ఆయన హడావుడి ఎంతో ఎలా తెలుస్తుంది, ఇప్పుడు ఆలోచిస్తే! కొంగు చేతిలో ఉన్న సంగతి కూడా మరిచి బయల్దేరాడు, ఆవిడ వెనకాలే రావాల్సొచ్చింది పాపం.

*

డిగ్రీ అయ్యాక ఉద్యోగం వచ్చేదాకా రెండేళ్లు ఒక దస్తావేజు లేఖరి దగ్గర రాతపనికి కుదిరాను. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డు, కార్బన్ కాగితాల వాసన. దస్తావేజు చదివారా ఎప్పుడైనా? ఫలానా గ్రామ కాపురస్తులు ఫలానావారి కుమారులు ఫలానావారికి అని మొదలై, మూడు పేజీలు దొర్లి, వాక్యం ఎక్కడో నాలుగు హద్దుల దగ్గర ముగుస్తుంది. పోతన సమాసాలు దీని ముందు దిగదుడుపు. అందరూ విసుక్కునేవాళ్లు. నేను పెన్సిలు తీసి క్రియ కింద గీత గీసేదాన్ని. ఎవరు? ఎవరికి? దేన్ని?

ఒకసారి ఒక పంపకం కాగితంలో 'సదరు వారి' అని వచ్చింది. దానికి ముందు ముగ్గురు మనుషులున్నారు. మాట పైన ప్రశ్నార్థకం పెట్టి ఇచ్చాను. లేఖరిగారు కళ్లజోడు మీదుగా చూశారు.

"ఇదేంటమ్మా?"

"సదరు అంటే ఎవరండీ, అన్నగారా, తమ్ముడా, ఆ మూడో ఆయనా?"

ఆయన చదివారు. మళ్లీ చదివారు. కాగితం చింపేసి కొత్తది తీశారు. సాయంత్రం నాకు పునుగులు తెప్పించారు.

*

మాస్టారిని ఆఖరుసారి చూసినప్పుడు ఆయనకు రెండు కళ్లకూ ఆపరేషనయి నల్లకళ్లజోడుతో ఉన్నారు. వరండాలో నులకమంచం. గొంతు విని గుర్తుపట్టారు.

"ఇంద్రుడివి కదూ?"

నలభైకి దగ్గరపడ్డ మనిషిని, పిల్లల తల్లిని, సిగ్గుతో నవ్వాను. పుస్తకం తెచ్చి చదివి పెట్టమన్నారు. ఏ పద్యమో చెప్పలేదు, చెప్పనక్కర్లేదు. చదువుతూ రెండో పాదం చివరకొచ్చేసరికి ఎందుకో గొంతు పట్టేసి 'కాం' దగ్గర ఆగిపోయాను.

"తర" అన్నారు ఆయన మంచం మీద నుంచి. నేను అందుకుని చదివేశాను.

అమ్మగారు మజ్జిగ తెచ్చిచ్చారు. తాగుతూ అడిగాను. "మాస్టారండీ, ఆ కొప్పు ఎవరిదో తేలిందా?"

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పెదాల కింద నవ్వుకున్నారు. "రోజుకోలా అనిపిస్తోందే. ఆ గుర్తు చెరపకు."

ఆ తర్వాత ఎండాకాలంలో పోయారని కబురు వచ్చింది. నాకు తెలిసేసరికి పదకొండో రోజు కూడా అయిపోయింది.

*

మేస్త్రీ సాయంత్రం సామాన్లు సర్దుకుంటూ పెన్సిలు కిటికీ మీద మర్చిపోయాడు. ఫోను చేస్తే, "అది అయిపోయిన ముక్కమ్మా, పారేయండి" అన్నాడు. బొటనవేలంత ఉంది. ఎరుపు వైపు పూర్తిగా అరిగిపోయింది.

వాచకం తీసి గజేంద్రమోక్షం దగ్గర తెరిచాను. 'ఆకర్ణికాంతర' మీద తొమ్మిదో తరగతిలో మాస్టార్ని చూసి నేను పెట్టుకున్న ప్రశ్నార్థకం అలికినట్టయి ఉంది, ఉందా లేదా అన్నట్టు. బ్లేడు తెచ్చుకుని నీలం వైపు చెక్కాను.